సూక్ష్మ శిలాజాలు – ప్రాచీన సముద్ర మార్గాలు

ఆంధ్రదేశంలో పలుచోట్ల రోమన్ చక్రవర్తుల నాణేలు లభించినవి. వాటిని మోసుకొని వచ్చిన ఓడలు నేడు లేవు. ఆ నావికుల పేర్లు కూడ మనకు తెలియవు. అయినప్పటికీ ఆ నాణేలను ఆధారం చేసుకొని, క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో మన తీరానికీ రోమన్ సామ్రాజ్యానికీ వర్తక సంబంధం ఉండేదని చరిత్రకారులు నిర్ణయించారు. ఒక చోటి వస్తువు మరొక చోట దొరికినప్పుడు ఆ రెండు చోట్ల నడుమ ఏదో ఒక మార్గం ఉండి తీరవలెను. చరిత్ర విద్యార్థులకు ఇది సుపరిచితమైన తర్కమే.

భూగర్భ శాస్త్రజ్ఞులు కూడ ఇదే తర్కాన్ని అనుసరిస్తారు. అయితే వారు వెదికేది ఒక సముద్రపు నీరు మరొక సముద్రంలోనికి ప్రవహించిన మార్గాలను. లక్షల సంవత్సరాల క్రిందట మూసుకొనిపోయిన ఆ మార్గాల మీద నేడు కొండలు, అడవులు, పట్టణాలు ఉన్నవి. ఆ కాలంలో చూచిన మానవుడు లేడు. వ్రాసిన గ్రంథం లేదు. వారికి నాణేలవలె ఉపయోగపడేవి ఇసుక రేణువుల పరిమాణంలో ఉండే కొన్ని గుల్లలు మాత్రమే. ఆ గుల్లలు ఏ జీవులవి, వాటి సాక్ష్యాన్ని ఎట్లు చదువుతారు, ఆ సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చును అనే విషయాలను ఈ వ్యాసంలో సంగ్రహంగా పరిశీలించుదాము.

ఫొరామినిఫెరా

సముద్రజలంలో నివసించే ఏకకణజీవులలో ఫొరామినిఫెరా ఒక ముఖ్యమైన వర్గం. ఈ పేరుకు ‘రంధ్రాలు ధరించినవి’ అని అర్థం. దేహమంతా ఒకే కణమైనప్పటికీ ఈ జీవి తన చుట్టూ ఒక గుల్లను నిర్మించుకొంటుంది. చాలా జాతులలో ఈ గుల్ల కాల్షియం కార్బొనేటుతో, అనగా సున్నపురాయిలో ఉండే పదార్థంతోనే ఏర్పడుతుంది. జీవి పెరిగినకొలదీ గుల్లకు ఒక్కొక్క గదిని చేర్చుకొంటూ పోతుంది. ఈ గదులు కొన్ని జాతులలో నత్తగుల్ల మాదిరి చుట్టలు చుట్టుకొని ఉంటాయి. మరికొన్నింటిలో ద్రాక్షగుత్తివలె ఉబ్బెత్తుగా అమరి ఉంటాయి. ఎక్కువ జాతులలో గుల్ల పరిమాణం ఒక మిల్లీమీటరు కంటె తక్కువ.

ఇవి నివసించే తీరును బట్టి రెండు తెగలు. నీటి పైపొరలలో తేలుతూ, ప్రవాహం ఎటు తీసుకొనిపోతే అటు పోయేవి ప్లవక జాతులు. సముద్రపు అడుగున బురదలోను, ఇసుకలోను నివసించేవి నితల జాతులు. ప్లవక జాతుల ఆయుర్దాయం సాధారణంగా కొన్ని వారాలు మాత్రమే. అవి మరణించగానే గుల్లలు మెల్లగా అడుగునకు దిగిపోతాయి. ఈ విధంగా కోట్లాది గుల్లలు ఎడతెగక రాలుతూ ఉండగా, లోతైన సముద్రంలో వెయ్యి సంవత్సరాలకు కొద్ది సెంటీమీటర్ల మందాన బురద పేరుకొంటుంది. 1872 నుండి 1876 వరకు ప్రపంచ సముద్రాలను పరిశోధించిన చాలెంజర్ అనే బ్రిటిష్ నౌక అడుగునుండి పైకి తీసిన బురదలో ఈ గుల్లలే విస్తారంగా కనిపించినవి. 1968లో గ్లోమార్ చాలెంజర్ అనే నౌకతో లోతైన సముద్రపు అడుగును తొలిచే కార్యక్రమం ప్రారంభమైనది. అప్పటినుండి ఆ బురదను పొడవైన స్తంభాల రూపంలో వెలికి తీయడం సాధ్యపడినది. అట్టి స్తంభంలో అడుగుభాగం పురాతనమైనది, పైభాగం ఇటీవలిది. దానిని క్రిందినుండి పైకి చదువవలెను.

చదివే పద్ధతి కష్టమైనది కాదు గాని ఓర్పు కావలెను. బురద ముక్కను నీటిలో నానబెట్టి, అతి సన్నని జల్లెడలో కడిగి, మిగిలినదానిని ఆరబెడతారు. పిదప సూక్ష్మదర్శిని క్రింద తడి కుంచె కొనతో ఒక్కొక్క గుల్లను ఏరి, జాతులవారీగా అమర్చి లెక్కిస్తారు.

గుల్లలలో చదివే మూడు సంగతులు

మొదటిది జాతి. కొన్ని జాతులు నిర్దిష్టమైన కాలంలో పుట్టి, కొంతకాలం వర్ధిల్లి, అంతరించినవి. అందుచేత ఒక పొరలోని జాతులను బట్టి ఆ పొర వయస్సును నిర్ణయించవచ్చును. ఒకే కాలంలో రెండు సముద్రాలలో ఒకే జాతులు ఉన్నట్లయితే వాటి నడుమ నీటి మార్గం ఉన్నదని ఊహించవచ్చును.

రెండవది నివాసం. అడుగున నివసించే జాతులలో కొన్ని తీరంలోను, కొన్ని లోతైన నీటిలోను మాత్రమే బ్రతుకుతాయి. కావున అవి ఆనాటి నీటి లోతును సూచిస్తాయి.

మూడవది గుల్లలోని రసాయన స్వభావం. నీటిలోని ప్రాణవాయువు పరమాణువులలో ఎక్కువ భాగం తేలికవి. స్వల్ప భాగం బరువైనవి. ఎండకు, గాలికి సముద్రజలం ఆవిరి అయినప్పుడు తేలిక పరమాణువులు గల నీరు ఎక్కువగా పోతుంది. మిగిలిన నీటిలో ఉప్పుతోపాటు బరువైన ప్రాణవాయువు నిష్పత్తి కూడ పెరుగుతుంది. ఆ నీటిలో పెరిగిన జీవి తన గుల్లలో అదే నిష్పత్తిని భద్రపరుస్తుంది. నీటి ఉష్ణోగ్రత కూడ ఈ నిష్పత్తిని మార్చగలదు. అందువలన గుల్లలోని మెగ్నీషియం పరిమాణాన్ని కొలిచి, ఉష్ణోగ్రత ప్రభావాన్ని వేరుచేస్తారు.

పనామా: మూతపడిన ద్వారం

ఈ మూడు సాక్ష్యాలూ కలిసివచ్చిన ఉదాహరణ పనామా భూసంధి. ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలను కలిపే ఈ సన్నని నేల ఇరుకైన చోట దాదాపు 50 కిలోమీటర్లు మాత్రమే. దానికి ఒక వైపున అట్లాంటిక్‌లో భాగమైన కరిబియన్ సముద్రం, మరొక వైపున పసిఫిక్ మహాసముద్రం ఉన్నవి. 1914లో కాలువ ప్రారంభమైనప్పటికీ ఆ రెండు సముద్రాల నీరు స్వేచ్ఛగా కలియడం లేదు. ఓడలు లాకుల ద్వారా మెట్లు ఎక్కినట్లు పైకి పోయి, సముద్రమట్టానికి దాదాపు 26 మీటర్ల ఎత్తున గల మంచినీటి సరస్సును దాటి, మళ్లీ క్రిందికి దిగుతాయి. ఉప్పునీటి ప్లవకానికి ఆ మార్గం మార్గమే కాదు.

కాని ఒకప్పుడు అక్కడ నేల లేదు. అగ్నిపర్వత ద్వీపాల నడుమ నీరు పారుతూ ఉండేది. ఆ మార్గం ఎప్పుడు మూతపడినది?

పుల్లెనియాటినా అనే ప్లవక ఫొరామినిఫెరా ఈ ప్రశ్నకు ఒక విచిత్రమైన సమాధానం ఇచ్చినది. శంఖాలలో ఎడమ చుట్టు గలవి, కుడి చుట్టు గలవి ఉన్నట్లే ఈ జీవి గుల్లలలో కూడ రెండు రకాలు ఉన్నవి. ఒక కాలంలో ఎడమ చుట్టు గుల్లలు అధికంగాను, మరొక కాలంలో కుడి చుట్టు గుల్లలు అధికంగాను కనిపిస్తాయి. త్సునెమాసా సైటో అనే జపాను శాస్త్రజ్ఞుడు అట్లాంటిక్, పసిఫిక్ బురద స్తంభాలలో ఈ మార్పుల వరుసను పోల్చి 1976లో తన ఫలితాలను ప్రకటించాడు. సుమారు 35 లక్షల సంవత్సరాల క్రిందటి వరకు రెండు సముద్రాలలోను మార్పులు ఒకే క్రమంలో జరిగినవి. ఆ తరువాత ఆ పోలిక తప్పినది. అంతేకాదు, ఇంచుమించు ఆ కాలంలోనే పుల్లెనియాటినా అట్లాంటిక్‌లో కనబడకుండా పోయినది. పది లక్షల సంవత్సరాలకు పైగా గడచిన పిదప గాని అది అక్కడ తిరిగి కనిపించలేదు. పనామా ద్వారం మూసి ఉన్నందున అది హిందూ మహాసముద్రం నుండి ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టుకొని అట్లాంటిక్‌లో ప్రవేశించినదని భావిస్తున్నారు.

రసాయన సాక్ష్యం దీనిని మరికొంత వివరించినది. నేడు కరిబియన్ నీరు ఎదురుగా ఉన్న పసిఫిక్ నీటికంటె ఉప్పగా ఉన్నది. వ్యాపార పవనాలు అట్లాంటిక్ నుండి నీటి ఆవిరిని మధ్య అమెరికా మీదుగా మోసుకొనిపోయి పసిఫిక్ వైపున కురిపించడం ఇందుకు కారణం. రెండు సముద్రాలు కలిసి ఉన్న కాలంలో ఈ తేడా నిలువదు. 1982లో లాయిడ్ కీగ్విన్, ఆ తరువాత మరికొందరు శాస్త్రజ్ఞులు, భూసంధికి రెండు వైపుల గల గుల్లలలోని ప్రాణవాయువును కొలిచి పోల్చారు. ధ్రువాలలో మంచు పెరిగినా తరిగినా ఆ ప్రభావం రెండు సముద్రాల మీద సమానంగానే ఉంటుంది. కావున రెండింటి నడుమ కనిపించే తేడా ఆయా ప్రాంతాల నీటి స్వభావాన్నే తెలుపుతుంది. ఆ తేడా సుమారు 47 లక్షల సంవత్సరాల నుండి 42 లక్షల సంవత్సరాల క్రిందటి వరకు గల మధ్యకాలంలో స్పష్టపడినది.

ఒక సాక్షి 42 లక్షలని, మరొక సాక్షి 35 లక్షలని చెప్పడం పరస్పర విరుద్ధంగా తోచవచ్చును. నిజానికి ఇందులో విరోధం లేదు. సముద్ర మార్గం తలుపువలె ఒక్కసారిగా మూతపడదు. అడుగు పైకి లేచినకొలదీ ముందుగా లోతైన నీటికి, తరువాత నడిమి నీటికి, చిట్టచివరకు పైపొరకు దారి తప్పుతుంది. ఒక్కొక్క సాక్షి ఒక్కొక్క అంతస్తును గురించి చెబుతున్నాడు.

ఒక వివాదం

శాస్త్రంలో ఇట్టి నిర్ణయాలు ప్రశ్నింపబడకుండా ఉండవు. 2015లో కమీలో మోంటెస్, ఆయన సహచరులు ఈ కాలనిర్ణయాన్ని గట్టిగా ప్రశ్నించారు. కొలంబియాలోని పురాతన నదుల నిక్షేపాలలో, పనామా శిలలనుండి వచ్చినవిగా భావింపదగిన జిర్కాను స్ఫటికాలను వారు గుర్తించారు. ఆ నిక్షేపాలు కోటి 30 లక్షల నుండి కోటి 50 లక్షల సంవత్సరాల నాటివి. నది పనామా నేలనుండి కొలంబియాకు ప్రవహించినదంటే ఆనాటికే ఆ రెండింటి నడుమ లోతైన సముద్రం లేదని వారి వాదం.

మరుసటి సంవత్సరం, 2016లో, ఆరన్ ఓడీ నాయకత్వాన అనేక శాఖల శాస్త్రజ్ఞులు కలిసి మొత్తం ఆధారాలను తిరిగి పరిశీలించారు. సముద్ర శిలాజాలు, గుల్లల రసాయనం, సముద్రజీవుల వంశవృక్షాలు, ఖండాల మధ్య జంతువుల వలసలు అన్నిటినీ జోడించి, భూసంధి పూర్తిగా ఏర్పడినది సుమారు 28 లక్షల సంవత్సరాల క్రిందటనే అని వారు తీర్మానించారు. ఒక చోట నేల పైకి లేచినంత మాత్రాన మరొక చోట నీటి మార్గం లేదని చెప్పలేము కదా! జిర్కాను స్ఫటికాలు నదికి సాక్ష్యం; గుల్లలు సముద్రానికి సాక్ష్యం. ‘సముద్రాలు ఎప్పుడు విడిపోయినవి’ అన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవి సముద్రంలో నివసించిన జీవులే. అయినను ఆ ప్రశ్న వేసిన వారి శ్రమ వృథా కాలేదు. దానివలన పాత ఆధారాలన్నీ మళ్లీ తూకం వేయబడినవి.

లేకపోవడం కూడ సాక్ష్యమేనా?

ఇక్కడ విద్యార్థులు ముఖ్యంగా గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. ఒక జాతి ఉన్నదని చెప్పుటకు ఒక గుల్ల చాలును. లేదని చెప్పుటకు ఎన్ని గుల్లలు చూడవలెను? పుల్లెనియాటినా అట్లాంటిక్‌లో కనిపించకపోవడానికి మార్గం మూతపడడమే కారణమని తొందరపడి చెప్పరాదు. నీరు చల్లబడి ఉండవచ్చును. ఆహారం తగ్గి ఉండవచ్చును. మిక్కిలి లోతైన సముద్రంలో కాల్షియం కార్బొనేటు గుల్లలు కరిగిపోతాయి గనుక, జీవి నివసించినప్పటికీ గుల్ల మిగలకపోవచ్చును.

ఉన్నదని చెప్పుటలో కూడ ప్రమాదం లేకపోలేదు. పాత పొర కోసుకొనిపోయినప్పుడు అందులోని గుల్లలు కొట్టుకొనివచ్చి కొత్త పొరలో చేరవచ్చును. ఒకరి జేబులోనుండి జారిన నాణెం వంటిదే ఇది. అందుచేత శాస్త్రజ్ఞుడు ఒక్క గుల్లను చూచి తీర్పు చెప్పడు. గుల్ల అరిగి ఉన్నదా, దానితో కూడ ఉన్న ఇతర జాతులు అదే కాలానికి చెందినవేనా, పొర వయస్సును శిలల అయస్కాంత లక్షణం వంటి వేరొక పద్ధతి సమర్థిస్తున్నదా, దూరంగా ఉన్న మరొక స్తంభంలో కూడ ఇదే కథ కనిపిస్తున్నదా అని విచారిస్తాడు. ఈ ప్రశ్నలకు నిలిచినదే సాక్ష్యం.

గోదావరి తీరం – ఝిల్‌మిలీ

ఇంతవరకు మూతపడిన మార్గాన్ని గురించి చెప్పుకొన్నాము. నేల మీదికి చొచ్చుకొని వచ్చిన సముద్రాన్ని కూడ ఇవే గుల్లలు పట్టి ఇవ్వగలవు. అందుకు నిదర్శనం మన గోదావరి తీరంలోనే ఉన్నది.

రాజమహేంద్రవరం పరిసరాలలో, నదికి పడమట దుద్దుకూరు, గౌరీపట్నం వద్ద, తూర్పున కాతేరు వద్ద నల్లరాతి క్వారీలు ఉన్నవి. ఆ నల్లరాయి ఒకనాటి లావా. దాని రసాయన స్వభావం పడమటి కనుమలలోని దక్కన్ లావాలతో సరిపోతున్నది. అందువలన అది సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడికి చేరినదని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. క్రింది లావా పొరకు, పై లావా పొరకు నడుమ సున్నపురాయి, బంకమన్ను పొరలు ఉన్నవి. వాటిలో సముద్ర జీవుల శిలాజాలు దొరుకుతాయి.

గెర్టా కెల్లర్ అనే శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో ఈ నడిమి పొరలను పరిశీలించి 2008లో తమ నిర్ణయాన్ని ప్రకటించారు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రిందట డైనోసారులు అంతరించిన సమయంలోనే ప్లవక ఫొరామినిఫెరా జాతులలో అధిక భాగం నశించినవి. ఆ వెనువెంటనే కొన్ని మిక్కిలి చిన్న కొత్త జాతులు పుట్టినవి. రాజమహేంద్రవరం వద్ద క్రింది లావా మీద పేరుకొన్న పొరలలో ఈ కొత్త జాతుల గుల్లలే లభించినవి. దీనిని బట్టి క్రింది లావా ఆ మహా వినాశానికి సమీప కాలంలో ప్రవహించినదని, ఆ తరువాత ఇక్కడ సముద్రపు నీరు నిలిచినదని తేలినది.

రాజమహేంద్రవరం నేటికీ సముద్రానికి దూరం కాదు గనుక ఇందులో ఆశ్చర్యం తక్కువ. ఆశ్చర్యం గొలిపేది మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లా ఝిల్‌మిలీ. నేటి పటంలో అది తూర్పు తీరానికి గాని, పడమటి తీరానికి గాని 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది. అక్కడ కూడ లావా పొరల నడుమ గల నిక్షేపాలలో అధిక భాగం నేల మీద, చిత్తడి ప్రాంతాలలో ఏర్పడినవే. కాని వాటి నడుమ ఒక సన్నని పట్టీలో సముద్ర ప్లవక ఫొరామినిఫెరా, వాటితోపాటు ఉప్పునీరు, మంచినీరు కలిసే చోట నివసించే ఆస్ట్రకోడ్‌లనే చిన్న జీవులు లభించినవని అదే బృందం 2009లో ప్రకటించినది. ప్లవక గుల్లలు రాజమహేంద్రవరపు గుల్లలవలె మహా వినాశం వెనువెంటనే వచ్చిన కాలానికే చెందినవి. సముద్రం ఒక నదీముఖం మాదిరిగా దేశ మధ్యభాగం వరకు కొద్దికాలం చొచ్చుకొని వచ్చినదని వారి నిర్ణయం.

ఆ నీరు ఏ దారిని వచ్చినది? నర్మద, తపతి లోయల గుండా పడమటి నుండి వచ్చి ఉండవచ్చును. అంతకు పూర్వమే నర్మద లోయలోని బాఘ్ వరకు సముద్రం వచ్చినట్లు అక్కడి శిలాజాలు తెలుపుతున్నవి. అది ఈ అభిప్రాయానికి బలం. గోదావరి లోయ గుండా ఆగ్నేయం నుండి వచ్చి ఉండవచ్చుననేది మరొక ఆలోచన. మనం పైన చెప్పుకొన్న పరీక్షలన్నీ ఇక్కడ కూడ వర్తిస్తాయి. మార్గం పొడుగునా మరికొన్ని చోట్ల, అదే కాలపు పొరలలో, అవే గుల్లలు దొరికిననాడు గాని ఆ దారిని పటం మీద నిశ్చయంగా గీయలేము. ఝిల్‌మిలీ సాక్ష్యం విలువైనది. కాని దారి మొత్తానికి ఒక మజిలీ మాత్రమే.

ముగింపు

ఈ విషయం కేవలం గతానికి సంబంధించినది కాదు. సముద్ర ప్రవాహాలు వేడిమిని, ఉప్పును ఒక చోటనుండి మరొక చోటికి చేరవేస్తాయి. ఒక ఇరుకైన ద్వారం మూతపడినప్పుడు రెండు మహాసముద్రాల స్వభావం ఎట్లు మారినదో పనామా గుల్లలు చూపినవి. నేటి వాతావరణ మార్పులను అంచనా వేసే లెక్కలను సరిచూచుకొనుటకు ఇట్టి పూర్వ నిదర్శనాలు ఎంతో అవసరం.

మన ప్రాంతపు విద్యార్థులకు ఇందులో మరొక బాధ్యత కూడ ఉన్నది. గోదావరి తీరపు క్వారీలు ఈ పొరలను మన కంటికి కనిపించేటట్లు చేసినవి. రాయి కొట్టడంతో కనిపించిన పొర, అదే పనితో మాయం కూడ కాగలదు. నడిమి పొరల నమూనాలను చోటు, లోతు, తేదీ వ్రాసి కళాశాలల ప్రయోగశాలలలో భద్రపరచినచో, రేపటి పరిశోధకునికి అవి ఉపకరిస్తాయి. చోటు తెలియని రాయి ఎంత అందమైనదైనా సాక్ష్యంగా పనికిరాదు.

కాకినాడ వంటి తీరాలకు వెళ్లిన విద్యార్థి మిత్రులు ఉప్పుటేటి ఒడ్డునుండి పిడికెడు బురదను తెచ్చి, కడిగి, ఆరబెట్టి, మన జీవశాస్త్ర ప్రయోగశాలలోని సూక్ష్మదర్శిని క్రింద ఉంచి చూడవచ్చును. గదులు గదులుగా అమరిన తెల్లని గుల్లలు కనిపించే అవకాశం ఉన్నది. వాటిని ఏరి, లెక్కించి, బొమ్మలు గీసి, పుస్తకంలో నమోదు చేయుట నేర్చుకొన్నవారికి ఈ శాస్త్రంలో మొదటి పాఠం పూర్తి అయినట్లే.